కోడలి చేతిలో తాడు, నా కాలికింద క్లచ్చు

వినాయక చవితి పోయిన మొదటి మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నేను డ్రైవరు సీటులో ఎక్కాను.

స్థలం పెనుకొండకు ఇవతల, మా ఊరికి కిలోమీటరు దూరంలో ప్లాట్లు వేసిన లేఔటు. రోడ్లున్నాయి, ఇళ్లు లేవు. వరసగా పాతిన తెల్లరాళ్లున్నాయి. వాటిమీద ఎర్రరంగు నెంబర్లు. తెల్లవారుజామున తుంపర పడి ఆగింది. ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటోంది. గాలి పెనుకొండ కొండ మీదినుంచి వస్తోంది. దూరం దాకా చూపు ఆనుతోంది.

సామాను: తెల్లకారు ఒకటి, పాతది, చేత్తో గేర్లు మార్చేది. వెనకసీటు పీకేసి ఉంది, పట్టుగూళ్ల బస్తాలు వేసుకోవడానికి. నీళ్ల సీసా ఒకటి. కారు ముందూ వెనకా ఎర్రరంగుతో ఎల్ అక్షరం. నా జేబులో ఎల్లెల్లార్ కాగితం.

మనుషులు: ఎడమసీటులో శిక్షకురాలు, మా కోడలు శశికళ. వెనక గోనెసంచుల మీద కాపలా, నా భార్య గంగమ్మ.

మాజీ సైనికుల సంఘం వాళ్లు పుస్తకం వేస్తామన్నారు. నీ డ్యూటీ గురించి రాయి బీరప్పా, ఊళ్లో జనం చదువుకుంటారు అన్నారు. మంచుకొండల గురించి అందరూ రాస్తారు. నేను పదిహేడేళ్లు పటాలంలో చేశాను. కంచరగాడిదల మీద బియ్యం, కిరసనాయిలు, ఉత్తరాలు పై పోస్టులకు మోసిన దళంలో ఉన్నాను. ఆ పని కష్టమే. కాని అది నాకు ఇరవై ఏళ్ల వయసులో వచ్చింది. ఈ పని అరవై ఒకటిలో వచ్చింది. అందుకని దీన్నే రాస్తున్నాను. చదువు నాకు యాభై దాటాక రాత్రిబడిలో వచ్చింది. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొడుగు వాక్యంలోకి దిగితే బయటికొచ్చే దారి నాకు తెలీదు.

ఈ డ్యూటీ ఎందుకు పడిందో ముందు చెప్పాలి.

శశికళ ధర్మవరం పిల్ల. వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. నర్సు చదువుకుంది. నా కొడుకు నాగరాజు, ఆ పిల్ల వాళ్లకు వాళ్లే ఇష్టపడ్డారు. మేం ఒప్పుకున్నాం. నాగరాజు కూడా పటాలంలోనే, సరిహద్దు మీద ఉన్నాడు. ఏడాదికొకసారి లీవు. పెళ్లయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లు ఆ పిల్ల మా ఇంట్లో పట్టుపురుగులు మేపింది. గూళ్లు హిందూపురం మార్కెట్‌కి కారులో తీసుకుపోయేది కూడా తనే. మా ఇంట్లో బండి తోలడం వచ్చింది తనకు, నాగరాజుకు మాత్రమే.

ధర్మవరంలో ఒక ఆసుపత్రి వాళ్లు పిలిచారు. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి. చేరకపోతే వేరేవాళ్లను తీసుకుంటారు. వారమంతా వాళ్లమ్మ ఇంట్లో ఉండి, శనివారం రైలుకు మా ఇంటికి రావచ్చు. అన్నీ కుదిరాయి. గూళ్ల సంగతి ఒక్కటి కుదరలేదు.

గూడు ఆగదు. అదను దాటితే లోపలి పురుగు రెక్కల పురుగై తొలుచుకొని బయటికొస్తుంది. పట్టు పోతుంది. పోయినేడు శశికళకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బాడుగ ఆటో పెట్టాం. వాడు దారిలో ఇంకో ముగ్గురి బస్తాలు మావాటి మీద వేశాడు. మార్కెట్‌కి చేరేసరికి గూళ్లు చెమటపట్టి, మరకలు పడి, నొక్కుకుపోయి ఉన్నాయి. ఒక పంట కష్టం పోయింది. గంగమ్మ రెండు రోజులు అన్నం తినలేదు.

అందుకని శశికళ ఒక మాట అంది.

"మామా, ఈ పంట గూళ్లు మీరు తోలుకొని పోయి హిందూపురంలో దించాల. నేను పక్కన కూర్చుంటా, చెయ్యి పెట్టను. మీ చేత్తో మార్కెట్ చేరితేనే నేను డ్యూటీకి పోతా. లేకుంటే ఫోన్ చేసి రానని చెప్పేస్తా."

"నువ్వు చదివిన చదువేం గావాల పాపా?" అన్నాను.

"పురుగులకు సూదులేస్తా కూర్చుంటా లెండి" అంది నవ్వుతూ. కళ్లు నవ్వలేదు.

ఇదీ ఆర్డరు.

పట్టుపురుగుల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మేం జ్వరం అంటాం. జ్వరంలో ఆకు వేయకూడదు. ఒక రోజు, ఒకటింపావు రోజు. మిగతా దినాల్లో ఆకు కోయడం, మోయడం, వేయడం, పెంట తీయడం. తల గోక్కోడానికి తీరిక ఉండదు. కాబట్టి నా శిక్షణకు దినాలు పురుగులు పెట్టాయి. అవి జ్వరం పడితే నాకు పాఠం. అవి లేస్తే పాఠం బంద్. మాకు చిన్నపురుగులు రెండు జ్వరాలు దాటాకనే వస్తాయి. మిగిలేది మూడోది, నాలుగోది. ఆ తర్వాత గూడు కట్టే మూడు నాలుగు రోజులు. అంతే నా గడువు.

మూడో జ్వరం మంగళవారం పడింది.

"మంగళవారం పూట మొదలుపెట్టేది ఏంది?" అంది గంగమ్మ.

"పురుగులకు చెప్పుకో పో" అన్నాను.

ఆమె సుద్దముక్కంత కర్పూరం కారు ముందు వెలిగించి, గొణుక్కుంటూ వెనక ఎక్కింది. ఆమె రావడానికి కారణం కాపలా ఒక్కటే కాదు. మా వైపు కోడలు మామ పక్కన కూర్చోదు. మామ అరుగు మీద ఉంటే వాకిట్లోంచి కాదు, పెరట్లోంచి పోతుంది. ఇప్పుడు ముందుసీటులో, మోచేతి దూరంలో కూర్చోవాలి. శశికళ తలుపు తెరిచి ఒక నిమిషం నిలబడింది. తర్వాత చీరకుచ్చెళ్లు దగ్గరకు తీసుకొని, తలుపుకు అతుక్కొని కూర్చుంది. మా మధ్య గేరు రాడ్డు ఉంది. అది సరిహద్దు అనుకున్నాం ఇద్దరం.

"మామా, ఎడమకాలు క్లచ్చు. కుడికాలు రెండిటికీ. బ్రేకు, యాక్సిలేటరు. క్లచ్చు పూర్తిగా తొక్కండి. ఫస్టు గేరు వేయండి. ఇంగ, ఏమనుకోగాకండి మామా, ఎడమకాలు రవ్వంత నిదానంగా..."

ఆమె 'నిదానం' దగ్గరికి వచ్చేలోపల నా కాలు పైకి వచ్చేసింది. కారు కుందేలులా ఎగిరి ఆగిపోయింది. వెనకనుంచి గంగమ్మ నా సీటుకు తల కొట్టుకుంది.

మళ్లీ. ఎగిరి ఆగింది. మళ్లీ. ఈసారి ఆగలేదు. పోతోంది.

"మామా, బాగుండాది. ముందర రాయి ఉండాది మామా, మీరు కొంచెం చూసుకొని, వీలైతే ఆ బ్రేకు మీద..."

'వీలైతే' దగ్గర రాయి పడిపోయింది. నలభైరెండో నెంబరు.

లేఔటు వాచ్‌మన్ కిష్టప్ప రేకులగదిలోంచి బయటికొచ్చాడు. మడకశిర వైపు మనిషి. సగం తెలుగు, సగం కన్నడం. నడుం మీద చేతులు పెట్టుకొని రాయి చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా మిలిట్రీ, నలభైరెండు నువ్వే కొన్నావా ఏమి?"

"కాలు జారిందప్పా."

"దుడ్లు కట్టినాయప్ప బెంగళూరులో ఉండాడు. నెలకొకసారి రాయికి ఫోటో తీసి పంపమంటాడు. పండుకున్న రాయికి ఎట్ల తీసేది? దిండు పెట్టి తీయాల్నా?"

నేనూ వాడూ కలిసి రాయి నిలబెట్టాం. ఆ పూట ఇంకా రెండు నిలబెట్టాం.

ఏడున్నరకు కారు ఆపాను. లోపం ఎక్కడుందో నాకు అర్థమైంది. నా కాలులో సగం ఉంది. మిగతా సగం ఆర్డరులో ఉంది.

"పాపా, ఆర్డరు ఇంత పొడుగుంటే పనికి రాదు. ఒక్క మాట చాలు. బ్రేకు అను. ఆపు అను."

"మిమ్మల్ని అట్ల ఎట్ల అనేది మామా? నోరు రాదు."

"నేనే చెప్తాండా గదా."

"మీరు చెప్పినా రాదు."

వెనకనుంచి గంగమ్మ అంది. "దానికి యాడొస్తాది? నాలుగేండ్లలో నా ముందర గట్టిగా దగ్గింది లేదు. ఇప్పుడు నిన్ను అదిలించమంటే అదిలిస్తాదా?"

నిజమే. నాలుగేళ్లు అణిగిన గొంతు ఒక పూటలో లేవదు. అప్పుడు నాకు మంచు వాలు గుర్తొచ్చింది. అక్కడ కొన్నిచోట్ల అరవకూడదు. అరిస్తే పైనుంచి మంచు జారుతుందని పెద్దవాళ్లు నోరు మూయించేవాళ్లు. ముందు నడిచేవాడి నడుం నుంచి వెనకవాడి చేతికి తాడు ఉండేది. ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే పద. మాట లేదు. పై పోస్టు దాకా ఒక్క మాట లేకుండా నడిచిన దినాలున్నాయి.

గూడు కట్టే వేళకు పురుగులను వేసే వెదురు చట్రాలు మా ఇంట్లో ఉంటాయి. చంద్రికలంటాం. వాటిని కట్టే నూలుతాడు ముక్క గంగమ్మ సంచిలో ఉంది. తీసుకొని నా ఎడమ చేతికి మోచేతి పైన కట్టుకున్నాను. కొస శశికళ చేతికిచ్చాను.

"ఒక లాగు, బ్రేకు. రెండు లాగులు, క్లచ్చు. గట్టిగా పట్టి గుంజితే అన్నీ ఆపు. మాట్లాడే పనే లేదు."

ఆమె తాడు చూసింది. నన్ను చూసింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గంగమ్మ మాత్రం అడ్డం పెట్టుకోలేదు. "ఇన్నేండ్లు ఆ మూగజీవాలకు తాడేసి తోలినావు. ఇప్పుడు నీకు తాడేసేది వచ్చింది. పద, హై!"

తాడు పనిచేసింది. తాడుకు గౌరవం తగ్గడం, పెరగడం లేదు. లాగింది, తొక్కాను. లాగింది, ఆపాను. సాయంత్రం ఐదుకల్లా సెకండు గేరులో లేఔటు చుట్టూ తిరిగాను. రాళ్లన్నీ నిలబడే ఉన్నాయి. కిష్టప్ప గది ముందు కూర్చొని తాడు వైపు చూశాడు. తల గోక్కుంటూ లోపలికి పోయాడు. 

ఆ సాయంత్రం నాగరాజు ఫోన్ చేశాడు. అక్కడ సిగ్నలు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. వైర్‌లెస్ సెట్టులో మాట్లాడినట్టే మాట్లాడుకుంటాం.

"నాయనా, క్లచ్చు చిక్కిందా?"

"చిక్కింది. నిలబడ్డం లే."

"బండెట్లుండాది?"

"బండి బాగుండాది. రాళ్లకు దెబ్బలు తగిలినాయి."

"ఏ రాళ్లు? శశి తిడతాండాదా?"

"అది తిట్టేరకమా? తాడు..."

సిగ్నలు పోయింది. తాడు సంగతి వాడికి ఆ వారమంతా అంతుపట్టలేదంట.

నాలుగో జ్వరం ఆదివారం సాయంత్రం పడింది. పాఠం సోమవారం. ఉదయం ఆరుంబావు. మబ్బు. గాలి లేదు. ఆ పొద్దు ఎత్తు ఎక్కడం నేర్పుతానంది. లేఔటు చివర రోడ్డు గుట్ట మీదికి పోతుంది. హిందూపురంలో రైలుపట్టాల మీది వంతెన అంతకంటే నిటారు. ఆ వంతెన ఎక్కకుండా మేం మార్కెట్‌కి పోలేం.

సగం ఎత్తులో ఇంజను ఆగిపోయింది.

ఇక్కడ నేను చేసింది మా దళంలో పనిచేసిన మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. ఎత్తు మీద జంతువు నిలబడిపోతే మీద కూర్చోకూడదు. వెంటనే దిగాలి. తల దగ్గరికి పోవాలి. నొసటి మీద చెయ్యి పెట్టాలి. కళ్లెం పట్టుకొని ముందు నడవాలి. ముందర మనిషిని చూస్తే దానికి ధైర్యం వస్తుంది. పదిహేడేళ్లు చేసిన పని అది. దాన్ని తల అడిగి చేయం. ఒళ్లే చేస్తుంది.

దిగాను. ముందుకు పోయాను. బానెటు మీద చెయ్యి పెట్టాను.

కారు వెనక్కి బయల్దేరింది.

హ్యాండు బ్రేకు వేయలేదు. దిగేటప్పుడు కాళ్లు తీసేశాను, గేరు నూట్రల్లో ఉంది. లోపల ఇద్దరు ఆడవాళ్లున్నారు. నా చేతికి తాడుంది, కొస శశికళ చేతిలో ఉంది. తెరిచిన తలుపులోంచి తాడు బిగుసుకుంది. నేను బానెటు పట్టుకొని నా వైపు గుంజుతున్నాను. అది నన్ను గుంజుకొని పోతోంది. ఎర్రమట్టిలో కాళ్లు రెండు గాళ్లు గీశాయి.

శశికళ తాడు వదిలేసి రెండు చేతులతో హ్యాండు బ్రేకు పీకింది. కారు వంకరగా తిరిగి, ఒక రాయికి ఆనుకొని నిలిచింది.

"ఎక్కు!" అని అరిచింది. "ముందర బండెక్కు! దాన్ని పట్టుకొని నిలబెడతావా? దాని కింద పడుంటే ఎట్ల?"

గుట్ట మారుమోగింది. కిష్టప్ప పరిగెత్తుకొని వస్తున్నవాడు సగం దారిలో ఆగిపోయాడు.

నాలుగేళ్లలో ఆ గొంతు నేను వినడం అదే మొదలు. నాకు భయం వేయలేదు. సరైన ఆర్డరు సరైన టైముకు వచ్చిందని అనిపించింది. ఎక్కాను. కాని అప్పటికే ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

ఇంటికి పోయేటప్పుడు బండి ఆమే తోలింది. వాకిట్లో దిగి, మెల్లగా చెప్పింది.

"నేను ధర్మవరం పోను మామా. నేను పోయి ఆడ ఎవరికో సెలైను పెడతాంటా. ఈడ మీరిద్దరు యాడో ఎత్తులో నిలబడిపోయుంటే, నాకు చెయ్యి ఆడతాదా? పోనులే. పురుగులే మేలు."

"పాపా..."

"అరిచింది కూడా తప్పే. ఇంగ నేర్పను."

లోపలికి పోయింది. సాయంత్రానికి పురుగులు జ్వరం నుంచి లేచాయి. ఆకు వేయాలి. పాఠం బంద్.

తర్వాతవి పెద్దమేత దినాలు. పురుగు వేలంత అవుతుంది. ఎంత ఆకు వేసినా చాలదు. షెడ్డులోకి పోతే వాన పడుతున్న చప్పుడు. అది మేసే చప్పుడు. ముగ్గురం తోటకు, షెడ్డుకు తిరిగాం. శశికళ మాట్లాడేది. ఆకు గురించి, సున్నం గురించి, పొయ్యి మీది రాగిసంగటి గురించి. కారు గురించి లేదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేతిలో పట్టుకొని, ఆసుపత్రి నెంబరు చూస్తూ, చాలాసేపు మల్బరీ తోట గట్టు మీద కూర్చుంది. చేసిందా లేదా నాకు తెలీదు. అడిగే ధైర్యం లేకపోయింది.

నేను కూడా ఊరికే లేను. మేతకు మేతకు మధ్య వాకిట్లో నిలబెట్టిన కారులో కూర్చొని, ఇంజను ఆపేసి, క్లచ్చు తొక్కడం, వదలడం చేశాను. కాలు నొప్పి పుట్టింది. ఇంజను లేకుండా క్లచ్చు ఏమీ చెప్పదని కూడా తెలిసింది.

ఏడో రోజు పురుగులు పండాయి. పండిన పురుగు పసుపు రంగు తిరిగి, లోపల దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. మేత వదిలి తల ఊపుతూ చోటు వెతుకుతుంది. ఒక్కొక్కటి వేళ్లతో తీసి చంద్రిక మీద వేయాలి. పక్కపక్కన కూర్చొని తీస్తున్నాం. గంగమ్మ నా చేతి మీద ఒకటి కొట్టింది.

"వత్తుతాండావు. వత్తితే అది గూడేం కడతాది? పట్టుకున్నట్టు దానికి తెలియకూడదు. బరువు నీ వేలి మీదికి రావాల. వచ్చినంక ఆడనే ఉండు. కాలు విడిచిందా, అప్పుడు ఎత్తు."

చూపించింది. పురుగు కిందికి వేలు పోనిచ్చింది. ఆగింది. పురుగు తనంతట తాను ఆకును వదిలింది. అప్పుడు ఎత్తింది.

తర్వాత నా కాళ్ల వైపు చూసింది.

"నీ ఎడమకాలు కూడా ఇదే జేస్తాంది. పీకుతాంది. వెనక కూర్చొని చూస్తానే ఉండా గదా. అది పట్టుకునేదాకా ఆగవు నువ్వు."

గంగమ్మ జీవితంలో స్టీరింగు ముట్టుకోలేదు. ఆ మాట మాత్రం సరిగ్గా పెట్టవలసిన చోట పెట్టింది.

మర్నాడు పురుగులన్నీ చంద్రికల మీదికి చేరాయి. మేత లేదు. ఉదయం ఏడు. ఎండ. నేను కారెక్కాను. గంగమ్మ వెనక ఎక్కింది. ఎడమసీటు ఖాళీ. వాకిలి దాటకూడదు అనుకున్నాం. ఇంజను వేశాను. ఫస్టు గేరు. కాలు కొద్దిగా లేపాను. ఒకచోట కారు ముందుభాగం పురుగు తల ఎత్తినట్టు రవ్వంత పైకి లేచింది. ఇంజను గొంతు మారింది. అక్కడ ఆగాను. బరువు నా అరికాలి మీదికి వచ్చింది. అప్పుడు వదిలాను.

కారు కదిలింది. ఎగరలేదు. నీళ్లు కదిలినట్టు కదిలింది.

వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు పోయాను. రివర్సులో వెనక్కి వచ్చాను. మళ్లీ పోయాను. గంగమ్మ లెక్క పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఒకసారి తలెత్తితే షెడ్డు గుమ్మంలో శశికళ నిలబడి ఉంది. చేతిలో చీపురు. కారు నాలుగుసార్లు కదిలి ఆగేదాకా చూసింది. చీపురు గోడకు ఆనించింది. చేతులు కడుక్కుంది. వచ్చి ఎడమసీటులో కూర్చుంది.

నేను తాడు కోసం జేబులో చెయ్యి పెట్టాను.

"వద్దులే మామా" అంది. "ఎత్తుకు పోదాం పద."

పద అంది. వెనక గంగమ్మ దగ్గింది, నవ్వు ఆపుకోవడానికి. శశికళకు ముఖం ఎర్రబడింది కాని మాట వెనక్కి తీసుకోలేదు.

గుట్ట మీద సగం ఎత్తులో ఆపించింది. "హ్యాండు బ్రేకు. ఫస్టు. పట్టుకోనీ, పట్టుకోనీ. ఆ! హ్యాండు వదులు. యాక్సిలేటరు. పద!" ఒక్కో మాట ఒక్కో అడుగు. ఆ రెండు దినాలూ ఆ గుట్ట ఎన్నిసార్లు ఎక్కామో కిష్టప్పకే తెలియాలి. ఆఖరికి వాడొచ్చి కిటికీలో తల పెట్టాడు.

"మిలిట్రీ, ఇంగ రాళ్లు పడేసేది లేదా? నాకు పొద్దు పోయేది ఎట్ల?"

హిందూపురంలో లైసెన్సు పరీక్ష పెట్టిన ఆఫీసరు నా వయసు చూసి, "ఈ వయసులో ఎక్కడికి పోవాలి పెద్దాయనా?" అన్నాడు. మార్కెట్‌కి సార్ అన్నాను. తోలమన్నాడు. ఎనిమిది ఆకారంలో తోలాను. వెనక్కి పెట్టమన్నాడు. పెట్టాను. సరే పో అన్నాడు. దీని గురించి ఇంతకంటే రాయడానికి లేదు. అసలు పరీక్ష ఆ ఆఫీసరు చేతిలో లేదు.

అసలు పరీక్ష శుక్రవారం. తెల్లవారుజామున నాలుగు ముక్కాలుకు బయల్దేరాం. ముందురోజంతా చంద్రికల నుంచి గూళ్లు విడిపించాం. మరకలున్నవి, పల్చటివి వేరు చేశాం. శశికళ చెయ్యి ఆగలేదు. నన్ను, అత్తను పడుకోమని పంపి, తను కూర్చొనే ఉంది. బస్తాలు వదులుగా నింపాం, గాలి ఆడేటట్టు. కిటికీలన్నీ దించాం. గంగమ్మ వెనక బస్తాల మధ్య చేతులు చాపి కూర్చుంది, ఏదీ దేనిమీదా వాలకుండా.

శశికళ బెల్టు పెట్టుకుంది. "నేను చెయ్యి పెట్టను మామా. చెప్పేది మాత్రం చెప్తా."

పెనుకొండ దాటి హైవే ఎక్కాం. లారీలు. నలభైలో పోయాను. కుడి పక్కన దాటిపోయే ప్రతి లారీ గాలికి కారు ఊగేది. "ఎడమకు ఉండు" అంది. "అద్దం చూడు" అంది. సోమందేపల్లి దగ్గర హైవే వదిలి హిందూపురం రోడ్డు పట్టాం. వెలుగు వస్తోంది. దారి పక్క వేరుశనగ చేలు. ఒక గొర్రెలమంద అడ్డం వచ్చింది. ఆపాను. మళ్లీ కదిలాను. ఎగరలేదు. మూడో గేరు. నాలుగో గేరు. నేను మాట కోసం చెవులు రిక్కించుకొని తోలుతున్నాను. రాలేదు. అన్నీ బాగున్నట్టుంది, అందుకే ఏమీ అనలేదు అనుకున్నాను.

హిందూపురం. రైలు వంతెన.

సగం ఎత్తులో ముందున్న లారీ ఆగింది. ఇటుకల లోడు. దాని వెనకచక్రం నా బానెటంత ఉంది. వెనక బస్సు వచ్చి ఆనుకున్నట్టు నిలబడింది, హారను కొట్టింది. బ్రేకు తొక్కాను. హ్యాండు బ్రేకు పీకాను. ఒళ్లు తలుపు వైపు జరిగింది. దిగమంటోంది. చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది కూడా. అక్కడే ఆపాను.

ఆర్డరు కోసం ఎదురుచూశాను. రాలేదు.

లారీ కదిలింది. బస్సు మళ్లీ హారను కొట్టింది. నా అరికాలికి బరువు వచ్చింది. ఆగాను. ఇంజను గొంతు మారింది. హ్యాండు బ్రేకు వదిలాను. కారు వెనక్కి వెంట్రుకంత కూడా రాలేదు. ఎత్తు ఎక్కింది.

వంతెన పైన, ఎదురుగా ఎండ పడింది. అప్పుడు ఎడమవైపు చూశాను, ఎందుకు చెప్పలేదు పాపా అని అడగడానికి.

శశికళ నిద్రపోతోంది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"సోమందేపల్లి కాడ్నుంచి" అంది గంగమ్మ గుసగుసగా. "లేపబాక. నేను చూస్తాండా. నువ్వు తోలు."

అంటే ఇంత దూరం నన్నెవరూ తోలలేదు.

మార్కెట్ గేటు లోపల, తక్కిన బండ్ల వరసలో పెట్టి ఇంజను ఆపాను. హమాలీ వచ్చాడు. "దించాల్నా పెద్దాయనా?" అన్నాడు. గంగమ్మ బస్తాల మీదినుంచి వేలు పెదవుల మీద పెట్టి చూపింది. అతను ఎడమసీటు చూశాడు. తల ఊపి, వెనకతలుపు చప్పుడు కాకుండా తెరిచాడు. బస్తాలన్నీ దిగేదాకా ఆమె లేవలేదు. గూళ్లు తెల్లగా, గట్టిగా, పొడిగా ఉన్నాయి. బేరగాడు ఒకటి చెవి దగ్గర ఊపి చూసి సరేనన్నాడు.

ఎండ ముఖం మీద పడ్డాక లేచింది.

"మామా, యాడికొచ్చినాం?"

"మార్కెట్."

ఖాళీ బండి చూసింది. నన్ను చూసింది. "దారిలో నేనేమన్నా చెప్పినానా?"

"చెప్పలే."

"వంతెన?"

"ఎక్కినాం."

తర్వాత జుట్టు సర్దుకొని, ఫోన్ తీసి, ధర్మవరానికి చేసింది. సోమవారం పొద్దున వస్తానని చెప్పింది.

తిరుగు ప్రయాణంలో కూడా నేనే తోలాను. ఆమె దారంతా మాట్లాడింది. పురుగుల మందుల గురించి, గంగమ్మ షుగరు మాత్రల గురించి, కారులో నీళ్లు ఎప్పుడు మార్చాలో. అన్నిట్లో ఒక్కో మాట, పొట్టిగా. సోమవారం పెనుకొండ స్టేషన్లో రైలెక్కించి వచ్చాను. ఇప్పుడు శనివారం సాయంత్రాలు స్టేషనుకు పోయి తీసుకొస్తున్నాను. ఆ తర్వాత మరో రెండు పంటల గూళ్లు దించాను.

మంచుకొండల నుంచి నేను వెంట తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. కొన్ని చెరిగిపోయాయి, కొన్ని పోనిచ్చాను. ఈ డ్యూటీ నుంచి తెచ్చుకున్నది ఒకటే. వంతెన మీద పొద్దుటి ఎండ. కిటికీకి ఆనుకున్న తల. నోరు కొంచెం తెరిచి, చేతులు రెండూ ఒళ్లో వదిలేసి, ఎవరినీ కాపలా కాయకుండా నిద్రపోతున్న పిల్ల. రోజూ తోలుతున్నాను. రోజూ ఎడమవైపు ఒకసారి చూస్తాను.

ఆ పొద్దు ఆ వంతెన మీద మా బండిలో ఉన్నవాళ్లు ముగ్గురు. గూళ్ల బస్తాల మధ్య నా భార్య గంగమ్మ. స్టీరింగు పట్టుకొని నేను, బీరప్ప. ఎడమసీటులో మా కోడలు శశికళ, నిద్రలో.